రెండు పేర్లతో వచ్చిన లెక్క

"మిషన్ నిన్ను అడిగిందా, లేదా?"

"అడిగింది మేడం."

"ఈ రెండు కాగితాలు ఒకటేనేమో చూసి చెప్పు అని అడిగింది. నువ్వేం నొక్కినవ్?"

"వేరు అని నొక్కిన."

"ఎందుకు?"

"పేర్లు వేరున్నయి మేడం. ఒకదాని మీద మొదటాయన పేరు ఒకటి, ఇంకోదాని మీద ఇంకోటి. పేర్లు వేరున్నంక మనుషులు ఒకటే అని నేనెట్ల నొక్కుత?"

"పేర్లు రాసిన డాక్టర్లవయ్యా! లోపలున్న రోగులు వాళ్లే. అదే దవాఖాన, అవే నెలలు, అదే కసరత్తు. తర్వాత ఇంకొంతమందిని కలుపుకొని, ఇంకో డాక్టరు పేరు ముందు పెట్టి మళ్లీ రాసిండ్రు. ఆ మనుషుల్ని మనం రెండుసార్లు లెక్కబెట్టినం. సాయంత్రం దీన్ని నేను కమిటీ ముందు పెట్టాలె, తెలుసా నీకు?"

"తెలుసు మేడం."

"మరి ఇప్పుడన్నా మార్చు. ఒకటే అని నొక్కు."

"నా చేతితోని నొక్కను."

అతను కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకొని నిలబడ్డది. ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు అయ్యే వేళ అది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. రోజూ ఉండేదే గనుక ఎవరూ తల తిప్పలేదు. నేను తడిగుడ్డ పట్టుకొని గుమ్మంలో నిలబడి, లోపలికి పోవాలా, మళ్లీ రావాలా అని చూస్తున్నాను.

అది గోదావరిఖనిలో ఒక ట్రస్టు దవాఖాన. వెనక వైపు మందుల స్టోరు పక్కన చిన్న గది, అందులో ఒక కంప్యూటరు. నిలబడి అరుస్తున్నది ఊపిరితిత్తుల డాక్టరమ్మ, వరంగల్ నుంచి వచ్చిన మనిషి, వయసు తక్కువ. కూర్చొని మొండికేసింది దవాఖాన క్లర్కు, ఇక్కడి బొగ్గుబాయి కార్మికుని కొడుకు. నేను ఆయాను. కాసిపేట పక్క పల్లెలో నాలుగో తరగతి దాకా చదివాను. అయిదుకు పక్క ఊరు పోవాలన్నారు, పంపలేదు. అంకెలు బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కుంటాను. మా ఆయన బాయి పని చేసి కాలం చేసిన తరువాత ఈ దవాఖానలో చేరి, మోకాళ్లు సహకరించినంత కాలం చేసి దిగిపోయాను. ఇప్పుడు నేను చెబుతుంటే మనుమరాలు రాస్తున్నది. ఒకవైపే రాసి కాగితం పారేస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

దవాఖానలో కొత్తగా చేరిన పిల్లలు కనబడితే నన్ను నవ్వుతూ అడుగుతారు, "అవ్వా, నువ్వు కంప్యూటర్ గదిల ఏం పని చేసినవ్?" అని. ఏం చేశానో, దానివల్ల ఏమైందో వాళ్లకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

కరోనా పోయాక అందరికీ ఊపిరి విలువ తెలిసింది. మా ఊళ్లో కొందరికి అంతకు ముందే తెలుసు. ఏండ్లకేండ్లు భూమి లోపల పనిచేసి దిగిపోయినవాళ్లు నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటారు. మాట మధ్యలో ఆగి దమ్ము తీసుకుంటారు. వాళ్ల కోసం డాక్టరమ్మ హాలులో పొద్దుటిపూట ఒక క్లాసు పెట్టింది. చాపలు పరిచి కూర్చోబెట్టడం, ముక్కుతో పీల్చి పెదవులు ముడిచి మెల్లగా వదిలించడం, నీళ్లు నింపిన సీసాలు రెండు చేతులా ఎత్తించడం, వరండాలో నడిపించడం. దానికి ముసలివాళ్లు ఊపిరి బడి అని పేరు పెట్టారు. డాక్టరమ్మ నేర్పి పోయేది, రోజూ చేయించేది నేను. ఎవరి దగ్గర బీడీ వాసన వచ్చినా వెనక్కి పంపేదాన్ని.

క్లర్కు తండ్రి కూడా ఆ బడికి వచ్చేవాడు. మా ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, నన్ను చెల్లె అని పిలుస్తాడు. "బాయిల సర్దారు పని చెయ్యమని తిట్టిండు గని గాలి పీల్చుమని ఎన్నడన్న తిట్టిండా? ఈమె గాలికి సుత తిడ్తది," అని అందరినీ నవ్వించేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు వస్తే మళ్లీ నేను తిట్టేదాన్ని. మొదట్లో గేటు దగ్గర నుంచి హాలు దాకా రావడానికి కొడుకు భుజం పట్టుకునేవాడు. కొన్నాళ్లకు కర్రతో తానే వచ్చాడు. ఆ తరువాత కూరగాయల మార్కెట్ దాకా పోయి, నేను అడగకున్నా నాకొక కొత్తిమీర కట్ట తెచ్చాడు, నడిచినట్టు సాక్ష్యం చూపడానికి.

ఆ హాలు మీద ట్రస్టు పెద్దల కన్ను పడింది. స్కానింగ్ మిషన్ వస్తుంది, దానికి చోటు కావాలి. "కసరత్తుతో నిజంగా లాభం ఉందా, లేక ముసలోళ్లు పొద్దుపుచ్చుతున్నరా? రుజువు చూపించండి," అన్నారు. మన దగ్గర వచ్చేవాళ్లు గుప్పెడు మంది, ఇంత తక్కువ మందితో ఏదీ రుజువు కాదని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఎన్నో దేశాల్లో ఎందరో డాక్టర్లు తలా కొంతమంది మీద ఇదే కసరత్తు చేయించి చూశారు. ఆ చిన్న చిన్న లెక్కలన్నీ తెచ్చి కలిపి తూస్తే అసలు సంగతి తేలుతుంది. అట్లా కలిపి తూచడాన్ని మెటా అనాలిసిస్ అంటారట. నాకు నోరు తిరగక కలిపి తూచుడు అనేదాన్ని. చివరికి డాక్టరమ్మ కూడా అట్లాగే అనసాగింది. తూకం మంచిగా వస్తే హాలు మనది, లేదంటే స్కానింగ్ మిషన్‌ది. ఒప్పందం అదీ.

తూకానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మొదట తెచ్చింది చూడముచ్చటగా ఉండేది. గడుల్లో అంకెలు వేస్తే బొమ్మ తానే గీసేది. కొన్నాళ్లు ఊరికే వాడనిచ్చి, పని అలవాటయ్యాక పైసలు కట్టమని తెర మీద ఎర్రగా రాసింది. రుచి చూపించి కొనిపించే మిఠాయి దుకాణం తెలివి. అప్పుడు డాక్టరమ్మ ఊరికే దొరికేదాన్ని పెట్టించింది. దానికి ముఖకళ లేదు. ఏది చేయాలన్నా ఆర్డర్లు ఒకదాని కింద ఒకటి టైపు చేయాలి. చుక్క తప్పితే అలుగుతుంది. కానీ పైసా అడగదు. నాకు అదే నచ్చింది. క్లర్కు ఫోన్లో వీడియోలు చూసి, అన్నం తింటూ కూడా చూసి, దాన్ని వశం చేసుకున్నాడు.

అది కాక కాగితాలు ఏరుకోవడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ ఉండేది. దొరికిన కాగితాల పేర్లన్నీ అందులో పోస్తే, పనికొచ్చేది ఏదో తాలు ఏదో మనం చూసి నొక్కాలి, చేటలో బియ్యం చెరిగినట్టు. ఒకే తీరుగా ఉన్న రెండు కాగితాలు దాని కంటబడితే పక్కపక్కన పెట్టి, ఇవి ఒకటేనా, వేరా అని అడుగుతుంది. తానుగా ఏదీ తీసేయదు. మనిషి చెప్పాలి.

ఏరిన కాగితాల్లోని అంకెలను తూకం సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. నాకు పని పడింది అక్కడ. కాగితంలో డాక్టరమ్మ రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన అంకెలు నేను గట్టిగా చదివేదాన్ని, క్లర్కు కొట్టేవాడు. తరువాత తెర మీద ఉన్నది అతను చదివేవాడు, నేను స్కేలు ఆనించి కాగితంలో చూసుకునేదాన్ని. ఒక్కరే చూసి ఒక్కరే కొడితే కన్ను తనకు నచ్చిన అంకెనే చూస్తుందని డాక్టరమ్మ అనేది. నాకు ఇంగ్లీషు రాదు గనుక ఏ అంకె మనకు మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో తెలియదు. అందుకే నన్ను పెట్టుకున్నది. నా చదువు తక్కువ కావడం జన్మలో ఆ ఒక్క గదిలోనే పనికొచ్చింది. పని అయిపోయాక ఫ్యాను, లైటు బంద్ చేసేది కూడా నేనే. వాళ్లిద్దరికీ ఆ ధ్యాస ఉండేది కాదు.

గొడవకు కారణమైన ఆ రెండు కాగితాలూ నా నోటితోనే చదివాను. రెండోదాంట్లో మనుషులు కొందరు పెరిగారు గనుక అంకెలు కొంచెం జరిగి ఉన్నాయి. నాకేమీ తట్టలేదు. తట్టి ఉంటే ఇది నా గొప్పదనం కథ అయ్యేది.

అంకెలన్నీ ఎక్కాక బొమ్మ వచ్చింది. ఒక్కో దేశపు లెక్కకు ఒక్కో అడ్డగీత, దాని నడుమ ఒక డబ్బా. ఎక్కువ మందిని చూసిన లెక్కకు డబ్బా పెద్దది. అన్నిటి మీదుగా నిలువునా ఒక గీత దిగుతుంది. డబ్బా ఆ నిలువు గీతకు కుడివైపు ఎంత దూరం జరిగితే, కసరత్తు చేసినవాళ్లు ఆరు నిమిషాల నడక పరీక్షలో అంత ఎక్కువ దూరం నడిచారని అర్థం. అట్టడుగున ఒక డైమండు గుర్తు. అందరినీ కలిపి తూచిన తీర్పు అదే. ఆ డైమండు నిలువు గీతను తాకకూడదు. తాకిందంటే మేలు ఉన్నదో లేదో తేలలేదని. మాది తాకలేదు. నడుమ సన్నని సందు, దారం పట్టేంత. డాక్టరమ్మ నమ్మకం కుదరక ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా అవే అంకెలు వేయించింది. అందులోనూ అదే బొమ్మ, అదే సందు. ఆ రోజు ముగ్గురం చాయ్ తాగాం, డాక్టరమ్మ ఇప్పించింది. ఒకే బియ్యం రెండు కుండల్లో వండుకొని, రెండిట్లోనూ ఒకటే రుచి వచ్చిందని మురిసిపోయాం.

కమిటీ రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ బొమ్మను చివరిసారి చూస్తూ కూర్చుంది. పెద్ద డబ్బాలు రెండు, ఇంచుమించు ఒకే చోట, ఒకే సైజులో ఉన్నాయి. అనుమానం వచ్చి రెండు కాగితాలూ తీసి చదివింది. ఏరిన సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎవరు ఏం నొక్కారో చూసింది. అక్కడ మొదలైంది నేను మొదట చెప్పిన గొడవ.

క్లర్కు తెలివితక్కువవాడు కాడు. పేర్లు ఒకటే ఉండి రెండుసార్లు వచ్చిన కాగితాలను ఎన్నింటినో తీసేశాడు. పేర్లు వేరైన చోట మాత్రం, మిగతా సంగతులు ఎంత కలిసినా, వేరు అనే నొక్కాడు. ఎందుకో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. బయటివాళ్ల కోసం చెబుతాను. పాత రోజుల్లో బాయి పని వచ్చినవాడు ఒక్కోసారి చీకటికి భయపడి ఊరికి తిరిగిపోయేవాడు. అతని జాగాలో ఇంకొకడు దిగేవాడు, అతని పేరుతోనే. హాజరు పిలిస్తే ఆ పేరుకే పలికేవాడు. ఇంట్లో ఒక పేరు, డ్యూటీలో ఒక పేరు. వాడకట్టు మొత్తానికి తెలుసు, ఒక్కరూ నోరు మెదపరు. ఆ ఇద్దరూ ఒక్కడే అన్న ఒక్క మాటతో ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుంది.

క్లర్కు తండ్రి అట్లాంటి మనిషే. నౌకరి అంతా ఇంకొకరి పేరు మీద చేశాడు. ఆయన దిగిపోయేనాటికి కొడుకుకు ఆ నౌకరి ఇప్పిద్దామంటే బాయి రికార్డులో ఉన్న పేరూ, కొడుకు కాగితాల్లో ఉన్న తండ్రి పేరూ కలవలేదు. అట్లా అతను ఈ దవాఖానలో క్లర్కు అయ్యాడు. కొత్తవాళ్లెవరైనా వచ్చి ఫలానా ఆయన, మీ నాయన ఒకటేనా అని అడిగితే కాదు అని చెప్పాలని, మాటలు నేర్చిన నాటి నుంచే ఇంట్లో అతనికి నేర్పారు. అతనికే కాదు, వాడకట్టులో పిల్లలందరికీ. నా పిల్లలకు నేనూ నేర్పాను. పెద్దయ్యాక మిషన్ అదే ప్రశ్న అడిగింది. అతను అదే జవాబు ఇచ్చాడు.

డాక్టరమ్మకు ఇదంతా తెలియదు. "నీకేం మొండి పట్టు? నేను సుత మళ్లీ చూడలే, నా తప్పు సుత ఉన్నది. నిన్నొక్కన్నే అంటలేను. ఒక్కసారి నొక్కితే అయిపోతది," అంటున్నది.

అప్పుడు వరండా బల్ల మీది నుంచి గొంతు వచ్చింది. "ఏంది రా లొల్లి?"

క్లర్కు తండ్రి. పీల్చే మందు తీసుకోను వచ్చి, కొడుకు బండి మీద ఇంటికి పోదామని కూర్చున్నాడు.

"ఏం లేదు బాపు, నువ్వు కూసో."

"కూసునే ఉన్న. దమ్ము పోయింది గని చెవులు పోలే."

కర్ర పట్టుకొని లోపలికి వచ్చాడు. నేను కుర్చీ జరిపాను. డాక్టరమ్మ ఓపిక తెచ్చుకొని ఆయనకు అర్థమయ్యేటట్టు అంతా చెప్పింది. ఆయన తెర వైపు చాలాసేపు చూశాడు.

"మమ్ముల సుత కలిపిండ్రా గిండ్ల?"

"లేదు పెద్దాయనా. వీళ్లంతా వేరే దేశాలోళ్లు."

"మరి మా దమ్ము సంగతి వాళ్లకెట్ల ఎరుక?"

డాక్టరమ్మ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఒకదాన్ని తీసేస్తే ఏమైతది?"

"డైమండు గీతకు తాకుతదేమో. తాకితే మీ బడి పోతది."

ఆయన కర్రను మోకాళ్ల నడుమ పెట్టుకొని ఊపిరి కూడదీసుకున్నాడు. నేను నేర్పినట్టే, పెదవులు ముడిచి.

"చూడు డాక్టరమ్మ. నేను నౌకరి అంత ఇంకోని పేరు మీద చేసిన. హాజరు ఆయనకు పడ్డది. బొగ్గు తక్కువ పడ్డదా? రైలుకు ఎక్కలేదా? గా బొగ్గుతోని ఎవరింట్ల కరెంటు బుగ్గ వెలగలేదా? ఇయ్యాల ఒక్క పూట ఇంకో పేరు నడిస్తే ఎవని సొమ్ము పోతది? ఉండనీయుండ్రి."

క్లర్కు తల దించుకున్నాడు. డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆమె మనసు కూడా అటే ఒరుగుతున్నదని నాకనిపించింది. ఒరగదా మరి. రోజూ కళ్లముందు నడిచే మనుషులు ఒకవైపు, తెర మీద డబ్బా ఒకవైపు.

నాకు కూడా హాలు పోతే నష్టమే. మళ్లీ ఆడవాళ్ల వార్డుకు వేస్తారు, బకెట్టు పట్టుకొని మెట్లెక్కాలి. నోరు మూసుకుంటే సరిపోయేది. నా నోటికి ఆ అలవాటు లేదు.

"అన్నా, నువ్వు ఇంకోని పేరు మీద దిగినవ్, నిజమే. గని దిగింది నువ్వే గద?"

"నేనే. ఇంకెవడు దిగుతడు?"

"ఒక్క టబ్బు బొగ్గు నింపి, నీ పేరు మీద ఒకటి, ఆయన పేరు మీద ఒకటి, రెండు టబ్బులని రాయించుకున్నవా ఎన్నడన్న?"

"థూ. గట్లెట్ల రాయించుకుంటరు?"

"గిక్కడ గదే అయింది. టబ్బు ఒకటే. రెండు పేర్ల మీద రాసినం."

ఆయన మొహం ఎర్రబడింది. "నాకు సుద్దులు చెప్తున్నవా చెల్లె? నా దోస్తు బతికుండి, గా చాప మీద నా పక్కన కూసుంటే, గిట్లనే అందువా నువ్వు?"

మా ఆయన మాట తెచ్చాడు. తడిగుడ్డను బకెట్టులో వేసి పిండాను, పిండవలసిన పని లేకున్నా.

"అనకపోదునేమో అన్నా," అన్నాను. "గని ఇప్పుడైతే అన్న."

ఆయన ఇంకేదో అనబోయి దగ్గులో పడ్డాడు. కొడుకు లేచి వీపు రాశాడు. తగ్గాక డాక్టరమ్మ లేచి కీబోర్డు తన వైపు తిప్పుకుంది. "నువ్వు నొక్కవద్దులే. నేనే నొక్కుత," అన్నది. ఒకటే అని నొక్కింది. క్లర్కు కిటికీ వైపు చూశాడు.

కానీ ఆ తరువాత తూకం సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్లు మార్చబోతే, "ఆగుండ్రి మేడం, మీకు చుక్క తప్పుతది," అని అతనే ముందుకు వచ్చాడు. వరుస ఒకటి తీసేసి మళ్లీ నడిపించాడు. తెర కొంచెంసేపు తెల్లగా ఉండి బొమ్మ వేసింది. రెండు పెద్ద డబ్బాల్లో ఒకటి లేదు. డైమండు రెండు పక్కలా సాగింది. ఎడమ కొన నిలువు గీతను దాటి అవతలకు పోయింది. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా వేశాడు. అదే.

"డైమండును జరంత చిన్నగ గీయమంటె ఆర్డరేమన్న ఉన్నదేమో మేడం," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఉండే ఉంటది. చెప్పకు నాకు," అన్నది.

సాయంత్రం కమిటీకి చాయ్ పట్టుకుపోయింది నేనే గనుక అక్కడి మాటలు విన్నాను. డాక్టరమ్మ కొత్త బొమ్మనే గోడ మీద వేసింది. ఎవరూ అడగకముందే రెండు పేర్ల సంగతి కూడా చెప్పింది, క్లర్కు ఊసెత్తకుండా, మా లెక్కలో పొరపాటు జరిగింది, దిద్దుకున్నాం అని. పెద్దల్లో ఒకాయన అద్దాలు సవరించుకున్నాడు.

"అంటే కసరత్తుతో లాభం లేదన్నమాట."

"లేదని కాదు సార్. తేలలేదని. ఇంకా ఎక్కువ మందిని చూస్తే తేలుతుంది."

"తేలేదాకా హాలు ఖాళీగా పెట్టుకోలేం గద డాక్టర్."

"ఖాళీగా లేదు సార్. రోజూ మనుషులు కూర్చుంటున్నరు."

ఒకాయన నన్ను చూసి చక్కెర తక్కువైందన్నాడు. హాలు తాళం రేపటి నుంచి స్టోరు వాళ్లకు ఇవ్వాలని రాసుకున్నారు. తేలలేదు అన్న మాట వాళ్ల చెవుల దాకా పోయేసరికి లేదు అయింది. డాక్టరమ్మ ఇంకోసారి విడమరిచి చెప్పింది. విన్నారు, తలలూపారు, రాసింది మార్చలేదు.

పిల్లలు నన్ను అడుగుతుంటారు, పైసలు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మంచిదా, ఊరికే దొరికేది మంచిదా అని. రెంటినీ చూశాను. మనం వేసిందే వండుతాయి రెండూ. ఉప్పు రెండుసార్లు వేస్తే రెండుసార్లు వేసినవని కుండ చెప్పదు. ఈ ఒక్క ఏరే సాఫ్ట్‌వేర్ పాపం అడిగింది. అడిగిన దానికి మనిషి ఎక్కడి నుంచి జవాబు చెబుతాడో దానికేం తెలుసు? మీరు కూడా తెర మీద ఏదైనా అడిగినప్పుడు గబుక్కున నొక్కకండి. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర బుద్ధి మాటలు లేవు. నిజం గెలిచిందని రాయమంటే రాయను. ఆ రోజు ఎవరూ గెలవలేదు. సరిగ్గా తూచాం, హాలు పోయింది. రెండూ నిజమే. డాక్టరమ్మ ఆ తరువాత చాలా కాలం ఎవరికీ చాయ్ ఇప్పించలేదు.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి హాలుకు కొత్త తాళం వేసి ఉంది. చాపలు చుట్టి బయట గోడకు ఆనించారు. ముసలివాళ్లు ఎప్పటి లాగే వచ్చారు. ఇయ్యాల సెలవా అని అడిగారు. సెలవు కాదు, బంద్ అని చెప్పాను. "నువ్వే ఒద్దన్నవట గద," అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అవునన్నాను. కొందరు చాయ్ హోటలు వైపు పోయారు, కొందరు మెట్ల మీద కాసేపు కూర్చొని లేచారు.

క్లర్కు తన తండ్రిని బండి మీద తెచ్చి దింపాడు. ఆయన తాళం చూశాడు. నాతో మాట్లాడలేదు. కొడుకును అడిగాడు.

"గా మిషన్ల ఇప్పుడు ఒక్క పేరే ఉన్నదా?"

"ఒక్కటే బాపు."

"ఏ పేరుంచిండ్రు?"

"రెండోది. అండ్ల మనుషులు ఎక్కువున్నరు."

"మొదటాయన?"

"తీసేసినం."

ఆయన తాళాన్ని చేత్తో ఒకసారి లాగి చూశాడు. తరువాత, "చెల్లె, మంచినీళ్లున్నయా?" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, కొడుకు భుజం పట్టుకొని బండి ఎక్కాడు. కొడుకు ఆయనను ఇంటి దగ్గర దింపి, ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టి కంప్యూటర్ గదిలోకి పోయాడు. నేను చాపలు స్టోరులో అప్పజెప్పి, బకెట్టు పట్టుకొని ఆడవాళ్ల వార్డుకు మెట్లెక్కాను.